మొదటి గేమింగ్ పీసీ: 30 వేలలో ఏ గ్రాఫిక్స్ కార్డు? (షాపు కొటేషన్ పెట్టాను, చూసి చెప్పండి)

కోనసీమ_కీబోర్డ్ · రాజోలు

అందరికీ నమస్కారం అండీ. విడిభాగాలు కొని పీసీ ఇంట్లోనే బిగించుకుందామని మొదటి ప్రయత్నం. షాపులో రాసిచ్చిన లిస్టు ఇది. డబ్బు ఇంకా కట్టలేదు.

రైజెన్ 5 5600జీ
ఏ520 మదర్‌బోర్డు
16 జీబీ డీడీఆర్4, ఒకే స్టిక్
500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ
450 వాట్ల ఎస్‌ఎంపీఎస్, అంటే పవర్ సప్లై (కంపెనీ పేరు రాయలేదు)
ఆర్‌జీబీ కేబినెట్, ముందంతా అద్దం
ఆర్‌టీఎక్స్ 5060 8 జీబీ

మానిటర్ ఇంట్లో ఉంది: 24 అంగుళాలు, 1080పీ, 144 హెర్ట్జ్. రోజూ ఆడేది వలోరాంట్, జీటీఏ 5. సైబర్‌పంక్ 2077 లాంటివి కూడా ఆడాలని ఉంది. తమ్ముడు అప్పుడప్పుడూ బ్లెండర్ (3డీ మోడల్స్ చేసే సాఫ్ట్‌వేర్) తెరుస్తాడు. కార్డుకి 30 వేలు అనుకున్నాం, తప్పదంటే ఇంకో ఐదారు వేలు సర్దుకుంటాం. గదిలో ఏసీ లేదు, ఇంటికి ఇన్వర్టర్ ఉంది. 5060 తీసేసుకోవచ్చంటారా?

---

గోదారిగట్టు · రాజమండ్రి

కార్డు మంచిదే అండీ, దాని చుట్టూ రాసినవే దానికి పడవు. ముందు ప్రాసెసర్ చూద్దాం.

5600జీలో ఆ చివరి 'జీ' అంటే డిస్‌ప్లే చిప్ లోపలే ఉందని. విడిగా కార్డు పెట్టాక దానికి పని లేదు. దానికోసం వదులుకున్నవి మాత్రం రెండున్నాయి. జీ లేని మామూలు 5600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 32 ఎంబీ, జీలో 16 ఎంబీయే. వలోరాంట్ లాంటి ప్రాసెసర్ ఆటల్లో ఆ సగం క్యాష్ ఫ్రేముల్లో (సెకనుకి తెర మీద పడే బొమ్మల్లో) తెలిసిపోతుంది. రెండోది, 5600జీ పీసీఐఈ (కార్డుని బోర్డుకి కలిపే దారి) 3.0 దగ్గరే ఆగిపోతుంది. ఏ520 బోర్డూ అంతే.

5060కి స్లాట్ చూస్తే 16 లేన్ల (డేటా వరసల) పొడుగు కనిపిస్తుంది కానీ లోపల తీగలు 8 లేన్లకే ఉంటాయి. పీసీఐఈ 5.0లోనో 4.0లోనో 8 లేన్లు చాలు. 3.0లో 8 లేన్లంటే సెకనుకి 7.9 జీబీ. అదే 5600, బీ550 బోర్డు జతైతే 4.0 వస్తుంది, 15.8 జీబీ.

అది ఎప్పుడు ముఖ్యమంటే, కార్డులో మెమరీకీ చిప్‌కీ మధ్య సెకనుకి 448 జీబీ పారుతుంది. అది ధవళేశ్వరం నుంచి వచ్చే ప్రధాన కాలువ అనుకోండి. కార్డుకీ మదర్‌బోర్డుకీ మధ్యనున్నది పంట బోదె. చేలో తడి ఉన్నంతసేపూ బోదె సన్నమా వెడల్పా అని ఎవరూ అడగరు. 8 జీబీ నిండి టెక్స్చర్లు (ఆటలో వస్తువుల మీది బొమ్మలు) ర్యామ్‌లోకి పొంగినప్పుడు ప్రతి ఫ్రేమూ ఆ బోదె గుండానే రావాలి. అప్పుడు సగటు 70 ఫ్రేములు చూపిస్తూనే మలుపు తిరిగిన ప్రతిసారీ బొమ్మ టక్కుమని ఆగుతుంది. కార్డు పాడైందని షాపుకి పట్టుకెళ్తారు, అక్కడ బెంచ్ మీద పెడితే బాగానే తిరుగుతుంది.

---

ఎస్‌ఎంపీఎస్_మావయ్య · కాకినాడ

అబ్బాయ్, ఆ పేరులేని 450 వాట్ల డబ్బా బిల్లులోంచి ఇప్పుడే కొట్టించెయ్.

షాపుకెళ్లి దాని పక్క స్టిక్కర్ చూడు. పైన పెద్దక్షరాల్లో 450 అని ఉంటుంది, అది చదవకు. కింద చిన్న పట్టికలో +3.3వీ, +5వీ, +12వీ, -12వీ అని గళ్లుంటాయి. కార్డూ ప్రాసెసరూ తాగేది 12వీ గడిలోంచే. అక్కడ 18ఏ అని ఉంటే 12 ఇంటూ 18, 216 వాట్లు. నీ లెక్క చూడు: 5060కి 145, ప్రాసెసర్ గట్టిగా నడిస్తే దగ్గర దగ్గర 76, బోర్డు, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకి ఓ 35. మొత్తం 256. ఆట మొదలెట్టిన పది నిమిషాలకి పీసీ దానంతటదే ఆరిపోయిందంటే ఇదే. పైగా కార్డులు ఒక్కోసారి మిల్లీసెకన్ల పాటు చెప్పినదానికంటే బాగా ఎక్కువ లాగుతాయి, ఆ కుదుపుకి నాసిరకం డబ్బా తట్టుకోదు.

550 వాట్లది, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే ముద్ర), 12వీ గడిలో 40ఏకి అటూ ఇటూ ఉన్నది తీసుకో. 5060కి 550 పెట్టమని ఎన్విడియా కూడా అంటోంది. ఇన్‌పుట్ గడిలో 100–240వీ అని ఉందో లేదో కూడా చూడు. 200–240వీ అని ఉన్నవి మన లంక గ్రామాల్లో సాయంత్రం వోల్టేజీ 170కి పడితే చేతులెత్తేస్తాయి.

ఇంకొక మాట. కార్డుకి 8-పిన్ తీగ ఎస్‌ఎంపీఎస్‌లోంచి నేరుగా రావాలి. పాత హార్డ్‌డిస్క్ మోలెక్స్ పిన్నుని 8-పిన్‌గా మార్చే ముక్క 50 రూపాయలకి ఇస్తారు. 150 వాట్లు పోవాల్సిన దారి అది కాదు. ముందు ప్లాస్టిక్ పసుపు రంగుకి తిరుగుతుంది, తర్వాత కమురు వాసన.

---

భీమవరం_బఫర్

బోర్డు సంగతి ఒప్పుకుంటా గానీ, ఇతను ఆడేది వలోరాంట్ అండీ. అది 1080పీలో 8 జీబీలో సగం కూడా వాడదు. జీటీఏ 5 అంతకంటే పాతది. 8 జీబీ నిండే సంగతి నిండినప్పుడు చూసుకోవచ్చు. 5060, 5600, బీ550 తీసుకుని హాయిగా ఆడుకోమనండి. డీఎల్‌ఎస్‌ఎస్ (చిన్న బొమ్మని ఏఐతో పెంచి ఫ్రేములు పెంచే ఎన్విడియా పద్ధతి) ఉంది, బ్లెండర్‌కి ఆప్టిక్స్ (కార్డుతో రెండరింగ్ వేగంగా చేయించేది) ఉంది.

---

పులస_ఫ్రేమ్స్ · యానాం

బఫర్ గారూ, ఆయన సైబర్‌పంక్ అని కూడా రాశారు, మీరు మొదటి రెండు ఆటలే చదివి ఆగిపోయారు. 1080పీలో కూడా రే ట్రేసింగ్ (వెలుగు, నీడలు నిజంలా లెక్కకట్టేది) వేసి, టెక్స్చర్లు పైకి పెట్టి, ఫ్రేమ్ జనరేషన్ (మధ్యలో అదనపు ఫ్రేములు పుట్టించేది) కూడా ఆన్ చేస్తే 8 జీబీ ఇరుకే. ఫ్రేమ్ జనరేషన్ ఊరికే రాదు, అది కూడా వీరామ్ (కార్డులోని మెమరీ) తింటుంది. అంటే 5060 డబ్బా మీద గొప్పగా అచ్చేసిన సదుపాయానికే దాని మెమరీ చాలదన్నమాట. ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్ లాంటి ఆటలు రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేకపోతే మొదలే కావు. దాన్ని ఆపుకుందామన్నా మీటే ఉండదు.

నా ఓటు ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీకి. 2025 జూన్‌లో వచ్చింది. 160 వాట్లు, పీసీఐఈ 5.0, లేన్లు పూర్తిగా 16. పైన గట్టు గారు చెప్పిన బోదె గొడవ దీనికి సగానికి సగం తగ్గుతుంది. 3.0 బోర్డు మీద పెట్టినా 15.8 జీబీ వస్తుంది. అంటే ఎవరి దగ్గరైనా పాత బీ450 బోర్డుంటే వాళ్లకి ఇదే సరైన కార్డు.

విడుదలైనప్పుడు 8 జీబీది 299 డాలర్లు, 16 జీబీది 349. తేడా 50 డాలర్లే. ఇక్కడ షాపులో రెంటి మధ్యా ఏడెనిమిది వేలు దాటకపోతే 16కే వెళ్లండి. దాటితే మళ్లీ మాట్లాడుకుందాం. పుస్తెలమ్మైనా పులస తినమన్నారు గానీ గ్రాఫిక్స్ కార్డు కొనమనలేదు.

---

కోనసీమ_కీబోర్డ్

ఇంత ఉందా అండీ బాబూ. నేను 5060నా 5060 టీఐనా అన్నదగ్గరే కొట్టుకుంటున్నాను. షాపతను 'వీరామ్ ఎక్కువున్న పాత 3060 ఉంది, 12 జీబీ, సెకండ్‌హ్యాండ్, చవగ్గా వస్తుంది' అన్నాడు. ఇంటెల్ బీ580 అని ఇంకోటీ చెప్పాడు, దానికీ 12 జీబీయే. అవెలాంటివి? తమ్ముడి బ్లెండర్ పని చిన్నచిన్న మోడల్స్ అండీ, అదే బతుకుతెరువు కాదు.

---

గోదారిగట్టు · రాజమండ్రి

బీ580 (2024 డిసెంబర్) కాగితం మీద బ్రహ్మాండం: 12 జీబీ, మెమరీ బస్ 192 బిట్లు, సెకనుకి 456 జీబీ. విడుదల ధర 249 డాలర్లు. మెలిక రెండు చోట్ల ఉంది. ఒకటి, రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి చూడగలిగే బయోస్ సెట్టింగు) ఆన్ చెయ్యకపోతే ఫ్రేములు బాగా పడిపోతాయి. మిగతా కార్డులకి అది ఉంటే మంచిది, బీ580 లాంటి ఇంటెల్ ఆర్క్ కార్డులకి లేకపోతే కుదరదు. రెండోది, దాని డ్రైవర్ ప్రాసెసర్ మీద ఎక్కువ భారం వేస్తుంది. కొత్త ఖరీదైన ప్రాసెసర్ పక్కన పెట్టి తీసిన బెంచ్‌మార్కుల్లో కనిపించే వేగం 5600 పక్కన కొన్ని ఆటల్లో రాదు. మీలాగ 144 ఫ్రేములు కావాలనుకునేవాళ్లకి ప్రాసెసరే ముందు అడ్డం పడుతుంది కాబట్టి ఆ లోటు ఇంకా తెలుస్తుంది. 190 వాట్లు కూడా. మొదటి పీసీకి నేను చెప్పను.

5060 టీఐ అయితే 16 జీబీదే చూడాలి, 8ది వద్దు. కానీ 16 జీబీ 5060 టీఐ విడుదల ధరే 429 డాలర్లు, మీ పరిధి దాటిపోతుంది.

---

పూతరేకు_పిక్సెల్ · ఆత్రేయపురం

సెకండ్‌హ్యాండ్ 3060 గురించి. కార్డు తప్పేం కాదు: 170 వాట్లు, 12 జీబీ, 192 బిట్లు, పూర్తి 16 లేన్లు. అయితే 3060 పేరుతోనే 8 జీబీ రకం ఒకటుంది. దానికి బస్ 128 బిట్లే, సెకనుకి 360 జీబీ పారేది 240కి తగ్గిపోతుంది. డబ్బా మీద రెంటికీ ఒకటే పేరు. 3050లోనూ అంతే, 8 జీబీది వేరు, 6 జీబీది వేరు. జీటీ 1030లోనైతే డీడీఆర్4 రకం, జీడీడీఆర్5 రకం రెండూ ఆ పేరుతోనే అమ్ముతారు.

2022 సెప్టెంబర్‌లో ఇథీరియం మైనింగ్ పద్ధతి మారాక గుట్టలుగా కార్డులు బయటికొచ్చాయి. వాటిలో చిప్ బాగానే ఉండొచ్చు. పోయేవి ఫ్యాన్ బేరింగులు, మెమరీ మీది థర్మల్ ప్యాడ్‌లు. కొనేముందు అక్కడే చెయ్యాల్సినవి: జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్) తెరిచి మెమరీ సైజు, బస్ వెడల్పు చదవండి. పాత చిప్ మీద కొత్త పేరు రాసిన నకిలీ అయితే అది చాలాసార్లు 'ఫేక్' అనే చూపిస్తుంది. తర్వాత ఫర్‌మార్క్ (కార్డుని గట్టిగా నడిపించే పరీక్ష) 15 నిమిషాలు తిప్పి తెర మీద చుక్కలు, గళ్లు వస్తున్నాయేమో చూడండి. ఓసీసీటీలో వీరామ్ టెస్ట్ ఒకటుంది, అందులో ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ కార్డు వద్దు. వెనక స్క్రూ మీది వారంటీ స్టిక్కర్ చిరిగిందా, స్క్రూ తలలు అరిగాయా చూడండి. ఒరిజినల్ బిల్లు, డబ్బా మీది సీరియల్, కార్డు మీది సీరియల్ మూడూ కలవాలి.

ఈ అయిదూ చూడనిచ్చే షాపైతే సరే. 'ఇంటికెళ్లి చూసుకోండి' అంటే వదిలెయ్యండి.

---

భీమవరం_బఫర్

కొత్తదే, ఇంకా తక్కువలో కావాలంటే ఆర్‌ఎక్స్ 6600 ఉంది కదండీ, 132 వాట్లు. 1080పీకి ఇప్పటికీ పనిచేస్తుంది. మిగిలిన డబ్బు పెట్టి ఎస్‌ఎస్‌డీ పెంచుకోవచ్చు.

---

పులస_ఫ్రేమ్స్ · యానాం

పనిచేస్తుంది. 8 జీబీ, సెకనుకి 224 జీబీ, 8 లేన్లు, రే ట్రేసింగ్ పేరుకే. ఏవీ1 ఎన్‌కోడర్ (వీడియోని కుదించే భాగం) లేదు, స్ట్రీమింగ్ చేద్దామంటే అది ఒక లోటు. ఎఫ్‌ఎస్‌ఆర్ 4 (డీఎల్‌ఎస్‌ఎస్ లాంటి ఏఎండీ పద్ధతి) కూడా మొదట 9000 వరసకే ఇచ్చారు. 20 వేలకి లోపే దొరికితే, వలోరాంటే ముఖ్యమైతే సరే. దానికీ 9060 ఎక్స్‌టీకీ మధ్యలో ఆగడం దండగ.

దానికన్నా కిందకి మాత్రం దిగకండి. 6500 ఎక్స్‌టీ అయితే 4 జీబీ, 4 లేన్లు. 3.0 బోర్డు మీద అది బోదె కూడా కాదు, ఎండిన వాగులో చెమ్మ.

---

గోదారిగట్టు · రాజమండ్రి

ర్యామ్ మాట మర్చిపోయాం. ఒకే 16 జీబీ స్టిక్ అంటే సింగిల్ ఛానెల్, అంటే ప్రాసెసర్‌కి రెండు దారుల్లో ఒక్కటే తెరిచినట్టు. 8 జీబీవి రెండు తీసుకుని, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్లలో పెట్టండి. 3200 అని రాసున్న ర్యామ్ కూడా చాలావరకు మొదట అంతకంటే తక్కువ వేగంలోనే నడుస్తుంది. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తేనే 3200 వస్తుంది. చాలామంది 'కార్డు బలహీనంగా ఉంది' అనుకునేది దీనివల్లే.

మానిటర్ కూడా. 1080పీ అంటే 20.7 లక్షల పిక్సెళ్లు. రేపెప్పుడో 1440పీ కొంటే అది 36.9 లక్షలు, కార్డుకి పని దాదాపు 1.8 రెట్లు. ఏడాదిలో మానిటర్ మార్చే ఆలోచన ఉంటే 16 జీబీ వాదనకి బలం వస్తుంది. లేకపోతే బఫర్ గారి మాటా తీసెయ్యలేం.

---

కోనసీమ_కీబోర్డ్

మానిటర్ అయిదేళ్ల దాకా మార్చం అండీ. కానీ కార్డు కూడా అయిదేళ్లు మార్చలేం, అది ఆలోచిస్తున్నాను.

ఇన్వర్టర్ మీద నడుస్తుందా అని ఒక డౌటు. ఇంకోటి, మా పాత పీసీ కేబినెట్ ముట్టుకుంటే చిన్నగా జిల్లుమంటుంది. కొత్తదానికి ప్రమాదమా?

---

ఎస్‌ఎంపీఎస్_మావయ్య · కాకినాడ

జిల్లుమంటుంటే ఇంట్లో ఎర్త్ లేదని అర్థం, పీసీ తప్పు కాదు. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు వచ్చే చోట నాయిస్ ఆపడానికి ఫేజ్ నుంచి బాడీకి, న్యూట్రల్ నుంచి బాడీకి చిన్న కెపాసిటర్లుంటాయి. ఎర్త్ ఉంటే వాటిలోంచి కారే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే కేబినెట్ మీద 115 వోల్టులకి దగ్గరగా తేలుతుంది, ముట్టుకుంటే నీలోంచి పోతుంది. మనిషికి జిల్లే గానీ, పీసీ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ తీగ పెట్టేటప్పుడు ఆ తేడా పోర్టులోంచి దూకిందంటే కార్డు పోర్టు పోతుంది. 30 వేల వస్తువు కొనేముందు ఎర్త్ చూపించుకో. మూడో రంధ్రంలో తీగ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. ఎలక్ట్రీషియన్ చేత మల్టీమీటర్ పెట్టించు: ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ ఎంత చూపిస్తే ఫేజ్‌కీ ఎర్త్‌కీ దాదాపు అంతే చూపించాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. మన తడి నేలలో ఎర్త్ బాగా దిగుతుంది, సమస్యల్లా కడ్డీ తుప్పే. జాయింటు దగ్గర గీకి చూడమను.

ఇన్వర్టర్ సైన్ వేవా, స్క్వేర్ వేవా? స్క్వేర్ వేవ్ మీద యాక్టివ్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిచేసే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్ గుయ్‌మంటుంది, కొన్ని ఆగిపోతాయి. సైన్ వేవ్ అయితే వెనక మీట యూపీఎస్ మోడ్‌లో పెట్టు. ఎకో మోడ్‌లో కరెంటు పోయినప్పుడు మారేసరికి ఆలస్యమవుతుంది, ఎస్‌ఎంపీఎస్ తనలో దాచుకున్నది 16, 17 మిల్లీసెకన్లకే సరిపోతుంది. ఈలోగా మారకపోతే పీసీ రీస్టార్ట్.

విడిగా యూపీఎస్ కొంటే 600 వీఏది చాలదు. అది 360 వాట్లే. కార్డు 160, ప్రాసెసర్ 76, మిగతా 40, మొత్తం 276. ఎస్‌ఎంపీఎస్ 85 శాతం సామర్థ్యం అనుకుంటే గోడలోంచి 325, మానిటర్‌కి 25. అంటే 350. అంచు దాకా నింపిన గ్లాసు అది. 1000 వీఏ, 600 వాట్లది చూడు. కరెంటు పోయాక ఆట పూర్తి చెయ్యడానికి కాదు, సేవ్ చేసి ఆపుకోడానికి.

---

పూతరేకు_పిక్సెల్ · ఆత్రేయపురం

కేబినెట్ ముందు అద్దం ఉన్నది వద్దండి. గాలి ఎటునుంచి వస్తుంది? ముందు జాలీ ఉన్నది తీసుకోండి. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి. మేలో గది 37, 38 డిగ్రీలుంటే కార్డు వేడి కూడా దాదాపు అన్ని డిగ్రీలూ పైకి జరుగుతుంది. 25 డిగ్రీల ఏసీ గదిలో 65 చూపించిన కార్డు మన దగ్గర 77, 78 చూపిస్తుంది. అది ప్రమాదం కాదు, ఫ్యాన్ మోత మాత్రం పెరుగుతుంది. పవర్ లిమిట్ ఓ 15 శాతం తగ్గిస్తే ఫ్రేములు కొద్దిగానే తగ్గుతాయి, మోత సగం తగ్గినట్టుంటుంది.

మీది రాజోలు అన్నారు, అంతర్వేది గాలి తగిలే ఊరు. ఉప్పు గాలికి స్లాట్ వెనక ఉండే ఇనప పట్టీ, స్క్రూలు మొదట తుప్పు పడతాయి. వాడని స్లాట్ల మూతలు పారెయ్యకండి, అన్నీ బిగించెయ్యండి. బల్లులకీ చీమలకీ కూడా అదే దారి. ఎస్‌ఎంపీఎస్‌లోకి బల్లి దూరిందంటే ఆ బల్లితో పాటు ఎస్‌ఎంపీఎస్ కూడా పోతుంది. కొబ్బరి పీచు యూనిట్ గానీ రైస్‌మిల్లు గానీ దగ్గర్లో ఉంటే జాలీ వెనక ఫిల్టర్‌ని రెండు వారాలకోసారి దులపండి. ఊక బూడిద నూనె జిడ్డుతో కలిస్తే హీట్‌సింక్ రెక్కల మధ్య గట్టిపడిపోతుంది, బ్లోయర్‌కి కూడా రాదు. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క వేలితో పట్టుకోండి, తిరగనివ్వకండి.

---

కోనసీమ_కీబోర్డ్

షాపుకెళ్లి మాట్లాడి లిస్టు మార్పించాను. 5600, బీ550, 8 జీబీవి రెండు, 550 వాట్ల బ్రాంజ్ (12వీ గడిలో 41ఏ ఉంది మావయ్యగారూ, ఫొటో తీసుకున్నాను), జాలీ కేబినెట్. ఆర్‌జీబీ ఫ్యాన్లు మానేశాం. అలా మిగిలింది కార్డులో కలిపితే 9060 ఎక్స్‌టీ 16 జీబీ వస్తోంది. రెండు ఫ్యాన్లది. కేబినెట్ వివరాల్లో కార్డు పొడవు 320 మిల్లీమీటర్ల దాకా అని ఉంది. సరిపోతుందా?

---

భీమవరం_బఫర్

సరిపోతుంది. రెండు ఫ్యాన్లవి మామూలుగా 200 నుంచి 250 మిల్లీమీటర్లు. ముందు ఫ్యాన్ల మందం 25 తీసేసినా చోటుంది. వలోరాంట్‌కి 16 జీబీ ఎందుకని నేను ఇప్పటికీ అంటాను, కానీ అయిదేళ్లు అన్నారు కాబట్టి ఊరుకుంటున్నా. బిల్లులో సీరియల్ నంబర్ రాయించుకోండి, 18 శాతం జీఎస్టీ కనిపించే బిల్లే అడగండి. వారంటీ ఎన్నేళ్లు, సర్వీస్ సెంటర్ ఏ ఊళ్లో అన్నది ఇప్పుడే అడగాలి. అదే కార్డు రెండు కంపెనీలవి ఒకే ధరకి దొరికితే, సర్వీస్ మనకి దగ్గర్లో ఉన్నదే తీసుకోండి. బస్సులో వెళ్లి ఇచ్చి రాగలిగితే కొరియర్‌లో పంపే బెంగ ఉండదు.

---

గోదారిగట్టు · రాజమండ్రి

బిగించేటప్పుడు: 5600లో డిస్‌ప్లే లేదు కాబట్టి మదర్‌బోర్డు వెనకున్న హెచ్‌డీఎంఐలో పెడితే తెర నల్లగానే ఉంటుంది. తీగ కార్డుకే పెట్టాలి. ఈ ఒక్క పొరపాటుకి 'డిస్‌ప్లే రావట్లేదు' అని పోస్టులు ఎన్నొస్తాయో.

కార్డుని ప్రాసెసర్‌కి దగ్గరగా ఉన్న పై పొడుగు స్లాట్‌లోనే పెట్టండి, కింది పొడుగు స్లాట్‌కి లేన్లు తక్కువ. కేబినెట్ వెనక రెండు పట్టీలు విప్పి, స్లాట్ చివరి లాచ్ కిందికి నొక్కి, కార్డు రెండు అంచులూ సమంగా దించండి. లాచ్ 'టక్' అనాలి. అన్నాక స్క్రూలు. స్క్రూ రంధ్రం కలవట్లేదని కార్డుని లాగొద్దు. కేబినెట్లో మదర్‌బోర్డు స్క్రూలు కొంచెం వదులు చేసి సర్దితే కలుస్తుంది.

బయోస్‌లో సీఎస్‌ఎం (పాత పద్ధతిలో బూట్ చేసేది) ఆఫ్, ఎబౌ 4జీ డీకోడింగ్ ఆన్, రీసైజబుల్ బార్ ఆన్, ఎక్స్‌ఎంపీ ఆన్. విండోస్ 11లో వలోరాంట్‌కి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ ఎలాగూ కావాలి, వాటికీ సీఎస్‌ఎం ఆఫ్ ఉండాల్సిందే. ఇవన్నీ విండోస్ వెయ్యకముందే చెయ్యండి. తర్వాత చేస్తే డిస్క్ ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉండిపోయి బూట్ అవ్వకుండా తిప్పలు పెడుతుంది.

చివరగా విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి 144 హెర్ట్జ్ ఎంచుకోండి. మొదట 60లోనే ఉంటుంది.

---

కోనసీమ_కీబోర్డ్

కార్డు ఇంటికొచ్చింది, ఇప్పుడే బిగిస్తున్నాం. ఎస్‌ఎంపీఎస్‌లోంచి 8 పిన్నుల తీగలు రెండు రకాలున్నాయండీ. ఒకటి మధ్యకి 4, 4గా విడిపోతోంది, ఇంకోటి 6, 2గా. కార్డు మీద 8 రంధ్రాలు ఒకటే సాకెట్. రెండూ దూరేట్టే ఉన్నాయి. ఏది?

---

ఎస్‌ఎంపీఎస్_మావయ్య · కాకినాడ

ఆగు, చెయ్యి తియ్యి. 4, 4 అన్నది ప్రాసెసర్‌ది, బోర్డు పైమూలన ఎడమవైపు ఉన్న సాకెట్‌లో పెట్టాలి. దాంట్లో 12వీ ఉన్న వైపు కార్డు సాకెట్‌లో ఎర్త్ ఉంటుంది, బలవంతంగా నొక్కితే షార్టే. కార్డుకి 6, 2 ఉన్నది. దాని మీద పీసీఐఈ అని అచ్చు ఉంటుంది, వెతుకు. ఆ 2 పిన్నుల ముక్కకి చిన్న గాడి ఉంటుంది, దాన్ని 6 పక్కన ఆనించి రెండూ ఒక్క ముక్కలాగ పట్టుకో. క్లిప్పు కార్డు సాకెట్ మీది బుడిపె వైపుకి. గట్టిగానే నొక్కాలి, క్లిప్పు బుడిపె దాటి కూర్చునేదాకా. తర్వాత తీగ కొద్దిగా వెనక్కి లాగి చూడు, రాకూడదు. గోడ దగ్గర స్విచ్ ఆఫ్‌లోనే ఉంది కదా?

---

కోనసీమ_కీబోర్డ్

ఆఫ్‌లోనే ఉందండీ. పీసీఐఈ అని రాసుంది, దొరికింది. క్లిప్పు కూర్చుంది. ఎర్త్ కడ్డీ కూడా మొన్న మార్పించాం, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ 1.4 వచ్చింది. హెచ్‌డీఎంఐ కార్డుకే పెట్టి ఆన్ చేస్తున్నాం.